శనివారం దాకా టిక్కులు

సోమవారం పొద్దున ఏడుంబావుకి, వ్యాను తలుపుకి కాగితం ఆనించి, ఆ వారానికి సరిపడా టిక్కులు ఒక్క ఊపులో పెట్టేశాడు నిమ్మళం. టైర్లు, అద్దాలు, వైపర్లు, హారను, హెడ్‌లైట్లు, బ్రేకు లైట్లు, ఇలా పద్నాలుగు వరసలు, ఆరు రోజులకీ ఆరు గళ్ళు. పెన్ను ఎత్తకుండా సోమవారం నుంచి శనివారం దాకా అడ్డంగా లాగుతూ పోతే పద్నాలుగు గీతల్లో పని తెమిలిపోతుంది. గీతకి గడి గడికీ చిన్న వంపు ఇస్తే చాలు, చూసేవాళ్ళకి టిక్కులాగే ఉంటుంది. ఆ వంపు ఇవ్వడంలో అతనిది మంచి చేయి.

నిమ్మళం అతని అసలు పేరు కాదు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఆ పార్సిళ్ళ డిపోలో ఎక్కడా వినపడదు. అతను హారను కొట్టడు. ఎవడైనా తోసుకొస్తే పోనిమ్మని దారిస్తాడు. తొందరపడేవాళ్ళని చూసి "నిమ్మళంగా పోదాం లేవోయ్" అంటాడు. ఆ మాటే పేరై కూర్చుంది. తొమ్మిదేళ్ళలో ఒక్క గీత పడని వ్యాను డిపో మొత్తానికి అతనిదొక్కటే. గేటు పక్కన 'ప్రమాదం జరగని రోజులు' అని ఒక బోర్డు, దానికి మూడు కొక్కేలు, కొక్కేలకి అంకెల రేకులు ఉంటాయి. ఆ అంకెలో సగం నిమ్మళం పుణ్యమేనని మేనేజరు మీటింగుల్లో అంటుంటాడు. అన్నప్పుడల్లా నిమ్మళం తల దించుకుని బూట్ల వంక చూసుకునేవాడు గాని, లోపల బాగానే ఉండేది.

టిక్కుల సంగతి తెలియనిదెవరికి? అందరూ అంతే. వ్యాను చుట్టూ తిరిగి చూడాలంటే అయిదు నిమిషాలు పడుతుంది, ఈలోపు వెనక లైను కట్టిన బళ్ళవాళ్ళు తిట్లు లంకించుకుంటారు. పైగా మిగతావన్నీ ఒక్కడే చూసుకోవచ్చు గాని బ్రేకు లైటు దగ్గరే చిక్కు. కాలు పెడలు మీద ఉండాలి, కళ్ళు బండి వెనక ఉండాలి. ఎవరో ఒకరు వెనక నిలబడి "వెలిగింది" అని చెబితే గాని తెలియదు. ఎవడి పార్సిళ్ళు వాడికి గుట్టలా పడి ఉంటే, ఇంకొకడి బండి వెనక నిలబడే తీరిక ఎవడికుంది? కాగితం కింద చిన్న అక్షరాల్లో 'తనిఖీ చేయకుండా గుర్తు పెట్టినవారు విధుల నుంచి తొలగింపబడుదురు' అని అచ్చు వేసి ఉంటుంది. ఆ అక్షరాలు చదవాలంటే కళ్ళద్దాలు కావాలి.

బుధవారం పది గంటలప్పుడు నిమ్మళం పెద్ద రోడ్డు మీద పడమటి వైపు పోతున్నాడు. రోడ్డు పక్కన ఆగి ఉన్న కారు తలుపు ఉన్నట్టుండి తెరుచుకుంది. అతను బ్రేకు తొక్కాడు. వ్యాను ఆ తలుపుకి జానెడు ఎడంలో ఆగింది. హమ్మయ్య అనుకునేలోపు వెనక దభీమని చప్పుడైంది. అరల్లోంచి రెండు పార్సిళ్ళు దొర్లి కింద పడ్డాయి.

దిగి వెనక్కి పరుగెత్తాడు. స్కూటరు ఒక పక్కకి పడి ఉంది, చక్రం ఇంకా తిరుగుతోంది. ముప్పై ఏళ్ళ అమ్మాయి రోడ్డు మీద కూర్చుని, ఎడమ చేతిని కుడి చేత్తో ఒళ్ళోకి పొదివి పట్టుకుంది. హెల్మెట్టు తలమీదే ఉంది. ఆమె చుట్టూ రోడ్డంతా పళ్ళు.

మనుషుల పళ్ళే. గులాబీరంగు చిగుళ్ళతో సహా పై వరసలు, కింది వరసలు, ఎండలో మెరుస్తూ పడి ఉన్నాయి. మూతలూడిన ప్లాస్టిక్ డబ్బాలు అటూ ఇటూ దొర్లాయి. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబు నుంచి పళ్ళ డాక్టర్లకి అవి చేరవేసే మనిషి ఆమె. మూగిన జనంలో ఒకడు నవ్వు ఆపుకోలేక, "రోడ్డు మనల్ని చూసి ఇకిలిస్తోందిరా" అన్నాడు. ఇంకో నలుగురు నవ్వారు.

"తొక్కకండి బాబూ, తొక్కకండి," అంది ఆ అమ్మాయి. తర్వాత నిమ్మళం వంక చూసి, "అన్నా, కాస్త ఏరి పెట్టరా? పదకొండు డబ్బాలుండాలి. ఒక్కటి తగ్గినా మా ఓనరు చంపేస్తాడు" అంది.

నిమ్మళం మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే ఏరాడు. దుమ్ము ఊది, ఏ పళ్ళు ఏ డబ్బావో ఆమెనే అడుగుతూ పెట్టాడు. పది దొరికాయి. పదకొండోది ముప్పై ఏడో నంబరుదట. ఒక పెద్దాయన పై వరస.

"పాపం, నెల్లాళ్ళుగా మెత్తగా పిసికిందే తింటున్నాడన్నా ఆయన. ఇవాళ ఇస్తామని చెప్పాం," అంది. చేయి అప్పటికే మణికట్టు దగ్గర బుసబుసా పొంగుతోంది. తన ఫోను నంబరు చెప్పి, డబ్బా దొరికితే చేయమంది.

ట్రాఫిక్ పోలీసు వచ్చి, స్కూటరూ వ్యానూ ఫొటోలు తీసుకున్నాడు. "వెనక నుంచి గుద్దావంటే తప్పు నీదేనమ్మా. ముందు బండికి ఎడం ఇచ్చి నడపాలా వద్దా?" అన్నాడు. ఆమె ఏదో చెప్పబోయింది. "ముందు ఆసుపత్రికి పద, అవన్నీ తర్వాత," అని ఆటో ఎక్కించాడు. నిమ్మళం ఆటో దాకా నడిచి, డబ్బాల సంచీ ఆమె పక్కన పెట్టాడు. పాపం, కాస్త దూరం ఉంచుకోవలసింది అనుకున్నాడు. అంతవరకు అతను అనుకున్నది అంతే.

మధ్యాహ్నం డిపోలో మెకానిక్కు సొట్ట మీద అరచెయ్యి వేసి చూశాడు. ఆయన్ని అందరూ బాబాయి అంటారు.

"ఇది ఒక పూట పనిలే. నువ్వెక్కి బ్రేకు తొక్కు. వైర్లేమైనా తెగాయేమో చూస్తా."

నిమ్మళం ఎక్కి తొక్కాడు. పక్క అద్దంలో బాబాయి నడుం మీద చేతులు వేసుకుని నిలబడి కనిపించాడు.

"తొక్కరా!"

"తొక్కాను బాబాయి."

"ఏదీ, గట్టిగా తొక్కు."

సీట్లోంచి లేచినంత పని చేసి తొక్కాడు.  బాబాయి నడిచి ముందుకొచ్చి, తలుపు తీసి, నిమ్మళం కాలు పక్కకి నెట్టి, పెడలు కింద తల దూర్చి టార్చి వేశాడు.

"గుద్దుడికి పోయింది కాదిది," అన్నాడు తల బయటికి తీయకుండానే. "పెడలు దగ్గర స్విచ్చి కాలిపోయింది. వారమైనా అయ్యుంటుంది. కుడిది లేదు, ఎడమది లేదు, పైది లేదు. నువ్వు ఆగితే ఆగినట్టు వెనకవాడికి ఎలా తెలుస్తుందిరా?"

నిమ్మళం ఎదురుగా అద్దం కింద పెట్టిన టిక్కుల కాగితం వంక చూశాడు.  

మేనేజరు గదిలో ఎక్కువసేపు పట్టలేదు. "స్విచ్చి ఇప్పుడే మార్చెయ్ బాబాయి," అన్నాడు. బాబాయి వెళ్ళాక నిమ్మళం చేతిలోని కాగితం అందుకుని చూసి నుదురు కొట్టుకున్నాడు. "ఏంటయ్యా ఇది? బుధవారం మధ్యాహ్నానికే శనివారం దాకా టిక్కులా? ఇది చింపి పారెయ్. కొత్త కాగితం మీద ఇవాళ్టి దాకానే పెట్టి ఇవ్వు. ఎల్లుండి ఇన్సూరెన్స్ ఆయన వస్తాడు."

"సార్, మరి లైట్లు..."

"లైట్లకేం? ఇంకో గంటలో వెలుగుతాయి. నువ్వెవర్నీ గుద్దలేదు కదా, నిన్నే వచ్చి గుద్దారు. తొమ్మిదేళ్ళ పేరు నీది, నాలుగొందల రోజుల బోర్డు మనది. ఆ అమ్మాయికి మాత్రం ఏమవుతుంది, చెయ్యి నాలుగు వారాల్లో అతుక్కుంటుంది. వెళ్ళు, నిమ్మళంగా ఉండు."

నిమ్మళం కొత్త కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. ఈసారి ఒక్కో గడిలో విడివిడిగా టిక్కు పెట్టాడు. తొమ్మిదేళ్ళలో అంత శ్రద్ధగా ఎప్పుడూ నింపలేదు. బ్రేకు లైట్ల వరస దగ్గర పెన్ను ఆగింది. మేనేజరు గోడ గడియారం చూసి దగ్గాడు. పెట్టేశాడు. పాతది చింపబోయి, ఎందుకో చేతులు రాక, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

గురువారం పొద్దున బోర్డు మీద నాలుగు వందల పన్నెండు వేలాడుతోంది. బుధవారం కూడా ప్రమాదం జరగని రోజుల్లోనే కలిసిపోయింది. నిమ్మళం గేటు దాటేటప్పుడు దాని వంక చూడకుండా వచ్చాడు.

వ్యాను నింపుతుండగా మేనేజరు ఎవరో మనిషిని వెంటబెట్టుకొచ్చి, "బ్రేకు తొక్కవయ్యా" అన్నాడు. నిమ్మళం ఎక్కి తొక్కాడు. ఆ మనిషి వెనక నిలబడి, వంగి చూసి, "వెలుగుతున్నాయండి, బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి" అన్నాడు. మళ్ళీ తొక్కమని మళ్ళీ చూశాడు. థాంక్సని చెప్పి వెళ్ళిపోయాడు.

"పళ్ళ ల్యాబు మనిషి," అన్నాడు మేనేజరు. "లైట్లు వెలగలేదని ఆ అమ్మాయి చెప్పిందట. వచ్చి చూసుకోమన్నా. చూసుకున్నాడు."

అంటే ఆమె చూసింది. ఆ మాట పొద్దుటి నుంచి నిమ్మళాన్ని వదల్లేదు. ప్రతి గుమ్మం దగ్గరా పార్సిలు ఇస్తున్నాడు, సంతకం తీసుకుంటున్నాడు, వచ్చి వ్యాను ఎక్కుతున్నాడు. బ్రేకు తొక్కిన ప్రతిసారీ వెనక ఎర్రగా వెలుగుతూ ఉంటుందని తెలుసు. ఆ ఎరుపు తనకి కనపడకపోయినా వీపుకి తగులుతున్నట్టే ఉంది.

మూడు గంటలకి, వెనక మెట్టు మీద కాలు పెట్టి పెద్ద అట్టపెట్టె లాగుతుంటే, బంపరుకీ మెట్టుకీ మధ్య సందులో తెల్లగా ఏదో కనిపించింది. వేళ్ళు దూర్చి లాగాడు. ప్లాస్టిక్ డబ్బా. మూత కూడా ఊడలేదు. ముప్పై ఏడు, పై దవడ. బుధవారం నుంచీ ఆ పెద్దాయన పళ్ళు వ్యాను వెనక ఊరంతా తిరిగాయన్నమాట.

ఫోను చేశాడు. ఆమె గొంతు వినపడగానే పెట్టేద్దామనిపించింది.

"దొరికిందా అన్నా! ఇంటికి తెచ్చిస్తారా? నా చేత్తో తీసుకెళ్ళి ఇస్తే ఓనరు దగ్గర కాస్త మొహం చెల్లుతుంది," అంది.

ఇల్లు మేడమీద ఒక్క గది. మెట్లకి చేతిపట్టు లేదు, గోడ పట్టుకుని ఎక్కాలి. ఒక్క చేత్తో ఈ మెట్లు ఎలా దిగుతోందో అనుకున్నాడు. గదిలో మంచం, కుర్చీ, మడతపెట్టని బట్టల గుట్ట ఉన్నాయి. మూలన స్కూటరు హెల్మెట్టు, పక్కకి ఒక చీలిక. ముసలామె ఒకావిడ కుర్చీలోంచి లేచి అతన్ని కూర్చోమంది.

"నువ్వేనా నాయనా ఆ వ్యాను డ్రైవరువి?" అంది, వీధి అవతలివాళ్ళతో మాట్లాడుతున్నంత గట్టిగా. "మా పిల్ల చూసుకోకుండా వచ్చి నిన్ను గుద్దిందిగా. నీకేం దెబ్బ తగల్లేదు కదా?"

"లేదమ్మా," అన్నాడు నిమ్మళం.

"ఆఁ?"

"అమ్మకి వినపడదన్నా, గట్టిగా చెప్పాలి," అంది అమ్మాయి. ఎడమచేయి మోచేతి దాకా తెల్లటి పట్టీలో ఉంది. డబ్బా అందుకుని, ఒళ్ళో పెట్టుకుని, ఒంటి చేత్తో మూత తీసి చూసింది. "ఒక్క పన్ను కూడా విరగలేదు," అని నవ్వింది. నవ్వాక ఆ డబ్బాని పక్కన పెట్టి అతని వంక సూటిగా చూసింది.

"మిమ్మల్నొకటి అడగనా అన్నా? రోజూ అదే టైముకి అదే రోడ్డు కదా, మీ బండి నాకు బాగా గుర్తు. సోమవారం మీ వెనకే వచ్చా. మీరు ఆగితే లైటు రాలేదు. మంగళవారమూ రాలేదు. సిగ్నలు దగ్గర చెబుదామనుకుంటే ఈలోపు పచ్చలైటు పడి మీరు వెళ్ళిపోయారు. బుధవారం ఎలాగైనా చెప్పాలని, మీ కిటికీ పక్కకి వద్దామని స్పీడు పెంచా. అందుకే అంత దగ్గరికొచ్చా. లేకపోతే నేను ఎవరి వెనకా అంత ఆనుకుని వెళ్ళను."

నిమ్మళం చేతిలో మంచినీళ్ళ గ్లాసు ఉంది. ముసలామె ఎప్పుడు ఇచ్చిందో తెలియలేదు.

"కానీ మా ఓనరు మనిషిని పంపి చూపించాడట. శుభ్రంగా వెలుగుతున్నాయట. తప్పు చేసిందిగాక అబద్ధం కూడానా అన్నాడు. శనివారానికి ఇన్సూరెన్స్ వాళ్ళ కాగితం వస్తుంది, అందులో నా తప్పని ఉంటే ఇక పనిలోకి రావద్దన్నాడు." ఆమె గొంతు తగ్గించింది. "అప్పటి నుంచి నాకే అనుమానంగా ఉందన్నా. నేనే తప్పు చూశానేమో. బండి మీది కదా, మీరు చెప్పండి. వెలిగాయా, లేదా?"

చెప్పవలసిన మాట చాలా చిన్నది. లేదమ్మా అంటే చాలు. నాలుక దాకా వచ్చింది. కాగితం జేబులోనే ఉంది, చొక్కా మీంచి దాని అంచు ఒంటికి గుచ్చుకుంటూనే ఉంది. కింద అచ్చు వేసిన చిన్న అక్షరాలు, ఇంటి అద్దె, కూతురి చదువు, నలభై ఆరేళ్ళ వయసులో కొత్తగా ఎవరి గుమ్మం ఎక్కాలన్న భయం, అన్నీ కలిసి ఆ మాటని వెనక్కి తోసేశాయి.

"ఎండ పడి ఉంటుందమ్మా," అన్నాడు. "ఆ వేళప్పుడు ఎండ వెనక నుంచి నేరుగా లైట్ల మీద పడుతుంది. వెలిగినా వెలగనట్టే ఉంటుంది."

ఆమె కాసేపు ఆలోచించింది. తల ఊపింది. "అంతే అయ్యుంటుంది," అంది. "నా కళ్ళే మోసం చేశాయి."

నమ్మేసింది. తిట్టినా బాగుండునని అతనికి అనిపించింది. నీళ్ళు తాగకుండానే గ్లాసు కింద పెట్టి, గోడ పట్టుకుని మెట్లు దిగాడు.

శుక్రవారం పొద్దున కూతురు స్కూటరు బయటికి తీసింది. కాలేజీకి తనే నడుపుకుంటూ వెళ్తానని రెండు నెలలుగా పట్టు. నేర్పింది నిమ్మళమే. తాళం పెట్టేముందు బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేయాలని, ఏ రోజుకారోజు చేయాలని, ఒక్కటి వదిలినా తాళం లాక్కుంటానని చెప్పి చెప్పి ప్రాణం తీశాడు. ఆ పిల్ల ఆటలాడకుండా నిజంగానే చేస్తుంది. టైరు నొక్కి చూస్తుంది, అద్దం సర్దుకుంటుంది.

"చేయించు చేయించు," అంది భార్య గుమ్మంలోంచి, కుట్టుమిషను దారం పళ్ళతో తెంపుతూ. "రాత్రి అన్నం మాత్రం కెలికి వదిలేశారు. దానికి తనిఖీ ఎవరు చేస్తారు?"

"నాన్నా, వెనక నిలబడు," అంది కూతురు. "నేను బ్రేకు పట్టుకుంటా, లైటు చెప్పు."

నిమ్మళం వెళ్ళి స్కూటరు వెనక నిలబడ్డాడు. అప్పుడే పైకొచ్చిన ఎండ అతని వీపు మీంచి సరిగ్గా ఆ లైటు మీదే పడుతోంది. కూతురు బ్రేకు నొక్కింది.

"వెలిగిందా?"

"వెలిగింది."

"సరిగ్గా చూశావా? ఇంత ఎండలో కనపడుతోందా అసలు?"

"కనపడకేం తల్లీ? ఎంత ఎండలోనైనా కనపడుతుంది. అందుకే కదా అంత ఎర్రగా పెట్టేది," అన్నాడు.

అన్నాక అక్కడే నిలబడిపోయాడు. కూతురు బ్రేకు వదిలింది, మళ్ళీ నొక్కింది. లైటు ఆరింది, మళ్ళీ వెలిగింది. కళ్ళు మూసుకున్నా దాని ఎరుపు కనపడుతోంది.

"ఏమైంది నాన్నా?"

"ఏం లేదు. నువ్వు వెళ్ళు. వెనకెవరైనా ఏదైనా చెప్పాలని దగ్గరికొస్తే ఆగి విను," అన్నాడు. కూతురికి అర్థం కాలేదు. సరేనని వెళ్ళిపోయింది. భార్య మాత్రం గుమ్మంలోంచి కదలకుండా అతని వంకే చూస్తూ నిలబడింది. ఆమెకి ఏమీ చెప్పలేదు. ముందు చెప్పవలసినవాళ్ళు వేరే ఉన్నారు.

ఇన్సూరెన్స్ ఆయన పదకొండింటికి వచ్చాడు. బక్కపలచని మనిషి, ఒళ్ళో ఫైలు, చెవి మీద పెన్సిలు. మేనేజరు టేబులు మీద కొత్త కాగితం సిద్ధంగా ఉంది. "మా దగ్గర రోజూ తనిఖీ అయితేగాని బండి గేటు దాటదండి," అంటున్నాడు. ఆయన వింటున్నాడు.

"చెప్పండి," అన్నాడు నిమ్మళం వైపు తిరిగి. "బుధవారం పొద్దున మీరు బ్రేకు లైట్లు చూసుకున్నారా?"

"లేదండి."

మేనేజరు నవ్వాడు. "అంటే స్వయంగా కాదని. వెనక ఎవరో ఒకరు నిలబడి..."

"ఎవరూ నిలబడలేదండి. ఎవరూ నిలబడరు కూడా." నిమ్మళం జేబులోంచి మడతల కాగితం తీసి టేబులు మీద పరిచాడు.  "అసలు కాగితం ఇదండి. సోమవారం రాశాను. మీ ముందున్నది బుధవారం మధ్యాహ్నం, గుద్దుకున్నాక రాసింది. లైట్లు వారం నుంచీ వెలగట్లేదు. ఆ అమ్మాయి చెప్పింది నిజం. స్విచ్చి బుధవారం సాయంత్రం మార్చారు."

ఇన్సూరెన్స్ ఆయన కాగితాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. "ఇవాళ శుక్రవారం కదూ?"

"అవునండి."

"రేపటి టైర్లు కూడా బాగానే ఉన్నాయన్నమాట," అన్నాడు. నవ్వించడానికి అనలేదు. చెవి మీది పెన్సిలు తీసి ఏదో రాసుకున్నాడు. తర్వాత మేనేజరుని ఏవో అడగడం మొదలుపెట్టాడు. మేనేజరు ముఖం గోడకి వేసిన సున్నంలా పాలిపోయింది.

ఆయన వెళ్ళాక మేనేజరు తలుపు దగ్గరికి వేశాడు. "నీ కొంప నువ్వే ముంచుకున్నావు కదయ్యా. నాది కూడా," అన్నాడు. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది ఆ గొంతులో. నిమ్మళం వ్యాను తాళాలు టేబులు మీద పెట్టాడు. పై నుంచి మాట వచ్చేదాకా రావద్దన్నాడు మేనేజరు. వచ్చినా ఏమని వస్తుందో ఇద్దరికీ తెలుసు.

బయట ఆవరణలో సంగతి అప్పటికే పాకింది. ఎవరూ అతని మొహంలోకి చూడలేదు. నలుగురైదుగురు మాత్రం తమ బళ్ళలోంచి కాగితాలు బయటికి తీసి చూసుకుంటున్నారు. శనివారం గళ్ళు అందరివీ నిండే ఉన్నాయి. గేటు దగ్గర బాబాయి బోర్డు మీంచి అంకెలు ఊడదీస్తున్నాడు. సున్నా రేకు కోసం డబ్బాలో వెతుకుతున్నాడు. "ఇన్నాళ్ళూ అవసరం పడలేదురా," అన్నాడు నిమ్మళాన్ని చూసి.

ఇంటికి వెళ్ళి భార్యకి చెప్పాడు. ఆమె మిషను ఆపింది. మొత్తం విని, "ఆ పిల్లకి చెప్పారా?" అంది.

"రేపు వెళ్తా."

"మరి కాగితం వాళ్ళకి ఇచ్చి ఆమెకి చెప్పకపోతే సగమే కదా చెప్పినట్టు," అని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఉద్యోగం సంగతి ఆ పూట ఎత్తలేదు.

శనివారం పొద్దున నిమ్మళం ఆ మేడమెట్లు ఎక్కాడు. తలుపు తీసే ఉంది. అమ్మాయి మంచం మీద కూర్చుని ఉంది. కళ్ళ కింద వాపు. ముసలామె అతన్ని చూసి, "రా నాయనా, నువ్వైనా చెప్పు దీనికి. కళ్ళు సరిగా లేకపోతే బండి ఎందుకు ముట్టుకోవాలి?" అంది.

"ల్యాబు నుంచి ఫోనేమైనా వచ్చిందా అమ్మా?" అన్నాడు నిమ్మళం.

"ఇంకా రాలేదన్నా. సాయంత్రానికి వస్తుంది. ఏం వస్తుందో తెలిసిందేగా." తలగడ కింద నుంచి ఒక చీటీ తీసింది. "మీరన్నాక అనుమానమొచ్చి నిన్న కళ్ళాసుపత్రికి వెళ్ళా. మూడు గంటలు కూర్చోబెట్టారు. కళ్ళలో మందు వేసి, లైట్లు పెట్టి, అక్షరాలు చదివించారు. ఏ దోషమూ లేదన్నారు. ఎండలో కూడా బాగానే కనపడాలట. మరి ఎందుకు కనపడలేదన్నా నాకు?"

నిమ్మళం ఆ చీటీ చేతిలోకి తీసుకోలేదు. దాని మీద రెండు కళ్ళ బొమ్మలు, వాటి పక్కన టిక్కులు. ఎవరో డాక్టరు నిజంగా చూసి పెట్టిన టిక్కులు.

"నీ కళ్ళకేం కాలేదమ్మా," అన్నాడు. "లైట్లు వెలగలేదు. నువ్వు చూసింది నిజం. నేను సోమవారమే చూసుకోవాలి, చూసుకోలేదు. చూసినట్టు రాశాను. నిన్న ఇన్సూరెన్స్ ఆయనకి అంతా చెప్పాను, కాగితం కూడా ఇచ్చాను. నీ తప్పని రాయరు."

 ఆమె చీటీ వంక, అతని వంక మార్చి మార్చి చూసింది. సంతోషపడుతుందేమో అని అతనికి లోపల ఎక్కడో చిన్న ఆశ ఉండింది. అది ఆ చూపుకే పోయింది.

"మొన్న తెలుసా మీకు? ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు?"

"తెలుసు."

"తెలిసే ఎండ అన్నారు."

నిమ్మళం తల ఊపాడు. కింద ఎవరో బకెట్టులో నీళ్ళు పడుతున్నారు, ఆ చప్పుడు పైకి వినపడుతోంది.

"మీకు చెబుదామనే కదన్నా నేను దగ్గరికొచ్చింది," అంది ఆమె.  కుడిచేత్తో ముఖం తుడుచుకుంది. "సరే. అమ్మకి చెప్పండి. మూడు రోజులుగా నన్ను గుడ్డిదానా అంటోంది. నేను చెప్తే నమ్మదు. మీరే చెప్పండి."

నిమ్మళం ముసలామె వైపు తిరిగాడు. "లైట్లు వెలగలేదమ్మా."

"ఆఁ?" అందామె, చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుని.

"లైట్లు వెలగలేదు! తప్పు నాది!" అని అరిచాడు. తొమ్మిదేళ్ళుగా హారను కూడా కొట్టనివాడు. కింద నీళ్ళు పడుతున్న మనిషి తలెత్తి మేడ వంక చూశాడు. ఎదురింటి కిటికీలో ఎవరో నిలబడ్డారు.

ముసలామె అతని ముఖం వంక చూసింది. అర్థమైంది. కూతురి పట్టీ వేసిన చేయి మీద తన చేయి వేసింది.

"మరి మొన్నొచ్చినప్పుడు చెప్పలేదేం నాయనా?" అంది, వీధంతా వినపడేలా.

"అబద్ధం చెప్పానమ్మా," అన్నాడు నిమ్మళం.

ఆ మాట అతని నోట్లోనే ఉండిపోయింది. ముసలామె మళ్ళీ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ముందుకి వంగి, "ఆఁ?" అంది.